మూలగనివాళ్ళ నొప్పి

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "లీడర్ ఎక్కడున్నాడు?"

ఆ ఒక్క మాటతో మా వాళ్ళ దగ్గర నా సంగతి తేలిపోయింది. చిన్నప్పటి సెలవులన్నీ ఎవరింట్లో గడిపానో ఆ మనిషి పోతే, ఏడవాల్సింది పోయి కుక్క గురించి అడిగానట. పెదకర్మ నాటికి ఈ కబురు పామర్రు దాటి ఉయ్యూరు చుట్టాల దాకా వెళ్ళింది. భోజనాల దగ్గర మా మేనత్త నా పక్కనే కూర్చుని, నేను అక్కడ లేనట్టుగా, "ఈ కాలం పిల్లలకి మనుషులకంటే కుక్కలే ఎక్కువమ్మా" అని అవతలి ఆవిడతో అంది. అమ్మ వినీ విననట్టు అప్పడం విరుచుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మండుతోంది. ఆ ప్రశ్న నాది కాదు, పెద్దమ్మది. మంచాన పడ్డాక నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. "నేను పోయిన రోజు ఇంటినిండా జనం చేరతారే. వాణ్ణి తీసుకెళ్ళి ఎక్కడో కట్టేస్తారు. మూడు కాళ్ళవాణ్ణి పొట్టి గొలుసుతో కట్టెయ్యకూడదు. చూస్తావు కదూ?" చూస్తానన్నాను. చూడటానికే అడిగాను. చచ్చిపోయిన మనిషి అడగమన్న ప్రశ్న అడిగితే అది మనసు లేకపోవడం ఎట్లా అయిందో మా వాళ్ళెవరూ చెప్పలేదు.

ఆవిడ మా అమ్మకి అక్క. పామర్రులో హైస్కూలు బయాలజీ టీచరుగా చేసి రిటైరైంది. పెదనాన్న పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. పెదనాన్న తమ్ముడు, ఆయన భార్య అదే ఇంట్లో పక్క వాటాలో ఉంటారు. వాళ్ళని నేను బాబాయి, పిన్ని అంటాను. ఇల్లు స్కూలుకి ఎంత దగ్గరంటే, ప్రార్థన గంట నుంచి స్కూలు వదిలే లాంగ్ బెల్ దాకా అన్ని గంటలూ వంటింట్లోకి వినిపిస్తాయి. రిటైరయ్యాక కూడా ఆవిడ రోజంతా ఆ గంటల మీదే నడిచింది. రెండో గంటకి కాఫీ. ఇంటర్వెల్‌కి పేపరు. పేపర్లో అచ్చుతప్పు కనిపిస్తే ఎర్ర పెన్నుతో దిద్ది, దిద్దిన పేపరు మడిచి పెట్టేది, ఎవరో వచ్చి పట్టుకెళ్తారన్నట్టు.

నేనూ ఒక ఏడాది ఆవిడ క్లాసులో కూర్చున్నాను. చేతులెత్తి ఎగిరేవాళ్ళని ఆవిడ పట్టించుకునేది కాదు. చివరి బెంచీలో తలొంచుకుని కూర్చున్నవాడి దగ్గరికి వెళ్ళి నిలబడేది. "చెయ్యెత్తినవాడికి తెలుసు. ఎత్తనివాడి దగ్గరే నాకు పని" అనేది. అప్పట్లో ఆ మాట మాకు పెద్ద బెదిరింపు.

లీడర్ కాలవ గట్టు మీద దొరికిన కుక్కపిల్ల. స్కూలు నుంచి వస్తున్న ఆవిడ వెనకాలే వచ్చేశాడు. ఎవరు గేటు తీసినా, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే క్లాసు లీడరులాగా అరిచి చాడీలు చెప్తాడని ఆ పేరు పెట్టింది. వాణ్ణి చేపల ట్రేలు తీసుకెళ్ళే వ్యాను గుద్దిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. బెంగళూరులో ఉద్యోగం వదిలేసి, తర్వాత ఏం చెయ్యాలో తెలియక, పెద్దమ్మ దగ్గర మకాం పెట్టిన రోజులవి. వెనక కుడికాలు నుజ్జయింది. విజయవాడ తీసుకెళ్తే పశువుల డాక్టరు చూసి, కాలు దక్కదు, పైదాకా తీసెయ్యాలన్నాడు.

బాబాయి కారు నడిపి తీసుకొచ్చినవాడే, పక్కకి పిలిచి చెప్పాడు. "వదినా, నా మాట విను. ఒక ఇంజెక్షన్ చేయించేస్తే దానికీ సుఖం, మనకీ సుఖం."

"రెండో సుఖం సంగతి నేనడగలేదయ్యా" అంది పెద్దమ్మ.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు మందులు అప్పగించేటప్పుడు, ఆవిడ ఆ కుర్రాణ్ణి వైవా పరీక్షకి నిలబెట్టినట్టు నిలబెట్టింది.

"వీడికి నొప్పిగా ఉందని నాకెట్లా తెలుస్తుంది డాక్టరుగారూ? అరుస్తాడా?"

"అరవకపోవచ్చు మేడం. చాలావరకు అరవవు."

"మరి?"

"ఎండ లేకపోయినా ఒగరుస్తుంటాడు. పడుకోలేడు, పడుకున్నా సర్దుకోలేడు. వణుకుతాడు. తిండి మానేస్తాడు. మూల చూసుకుని దాక్కుంటాడు. కుట్ల వైపు మాటిమాటికీ చూస్తాడు, చెయ్యేస్తే కరవబోతాడు. ఒక్కోసారి మరీ బుద్ధిగా అయిపోతాడు."

"బుద్ధిగా ఉన్నా నొప్పేనా?"

"మామూలుగా బుద్ధిమంతుడు కాకపోతే, అవును మేడం."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "విన్నావుగా. వీడి బుద్ధి సంగతి మనకి తెలుసు."

డాక్టరు మిగతావీ చెప్పాడు. వాపూ నొప్పీ తగ్గే మాత్ర ఒకటి, నరాల నొప్పికి ఇంకొకటి. మొదటిది కడుపులో తిండి పడ్డాకే వెయ్యాలి. తినకపోతే వెయ్యకుండా ఫోన్ చెయ్యాలి. వాంతి అయినా, విరేచనం నల్లగా వచ్చినా అక్కడితో ఆపేసి ఫోన్ చెయ్యాలి. మనుషుల మాత్రలు ఏవీ దగ్గరికి రానివ్వకూడదు, జ్వరానికి మనం వేసుకునే మామూలు పారాసిటమాల్ కూడా. "హుషారుగా ఉన్నాడని ఆపొద్దు. తగ్గలేదని రెండు వెయ్యొద్దు. నొప్పి వచ్చిందాకా ఆగొద్దు. టైముకి వేసెయ్యాలి."

ఆవిడకి టైము అంటే గంటే. ప్రార్థన గంటకి ఒక మాత్ర, లాంగ్ బెల్‌కి ఒకటి, రాత్రిదానికి మాత్రం నా ఫోనులో అలారం. ఉడకబెట్టిన గుడ్డు ముక్కలో మాత్ర దాచి పెట్టేది. ఆదివారం స్కూలు గంట ఉండదు కాబట్టి స్టీలు పళ్ళెం మీద గరిటెతో తనే కొట్టేది. నవ్వకుండా కొట్టేది. లీడర్ కూడా నవ్వులాటగా తీసుకోలేదు. గంట మోగితే, ఆస్పత్రివాళ్ళు మెడకి కట్టిన ప్లాస్టిక్ గరాటుతో తలెత్తి గుమ్మం వైపు చూసేవాడు. గరాటు చూసి వీధిలో వాళ్ళు, "టీచరుగారి కుక్కకి మైకుసెట్టు పెట్టారు" అని నవ్వారు. "కుట్లు నాక్కోకుండా పెట్టిందండీ, మీకూ ఒకటి తెప్పించమంటారా?" అని అడిగింది పెద్దమ్మ.

ఇంట్లో అంతా నున్నటి టైల్సు. మూడు కాళ్ళతో మొదటిసారి లేచినప్పుడు వాడు జర్రున జారి పొట్ట మీద పడ్డాడు. ఆ సాయంత్రమే వీధి చివరి రైసుమిల్లు నుంచి గోనెసంచులు తెప్పించి, మంచం దగ్గర్నుంచి వసారా మీదుగా పెరటి దాకా బాట పరిచింది. మెట్ల దగ్గర బల్ల అడ్డం పెట్టింది. తన పాత నేతచీర చింపి పొట్ట కింద వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని వెనక భారం తను మోస్తూ నడిపించేది. బాబాయి గుమ్మంలో నిలబడి, "ఇల్లు ధాన్యం కొట్టులా తయారైంది వదినా, రేపెవరన్నా వస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. "ఈ ఇంట్లో ఎవరో నడుస్తున్నారనుకుంటారు" అంది.

నా గురించి కూడా అప్పుడే మొదలైంది. ఇంజనీరింగు చదివి కుక్కకి ఆయా అయిందని అమ్మ ఫోనులో ఎవరికో చెప్తుంటే విన్నాను. నేను ఆయా పని చెయ్యలేదు. నేను చూడటం నేర్చుకున్నాను. ఊపిరి ఎట్లా తీస్తున్నాడు, చెవులు ఎటు వాలి ఉన్నాయి, నిన్న కుట్ల దగ్గర లేని ఎరుపు ఇవాళ ఉందా. నాకు అంతకుముందు ఏ ఆఫీసులోనూ ఎవరూ నేర్పని పని అది.

ఆపరేషన్ అయిన మొదటి వారంలోనే, పింఛను పనిమీద పెద్దమ్మ మచిలీపట్నం వెళ్ళాల్సొచ్చింది. తోడు నేను వెళ్ళాను. పొద్దున మాత్ర వేసే వెళ్ళాం. లీడర్‌ని పిన్నికి అప్పగించాం. తిరిగి వచ్చేసరికి లాంగ్ బెల్ మోగుతోంది. వాడు తలెత్తలేదు. గోనెసంచి మీద పసుప్పచ్చగా వాంతి. గదంతా వెల్లుల్లి వాసన.

"ఏం పెట్టావమ్మాయ్?" అంది పెద్దమ్మ, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాడి పక్కన కూలబడుతూ.

పిన్ని ముఖంలో భయం లేదు. మంచిపని చేసినదాని తృప్తి ఉంది. "పథ్యం పెట్టా అక్కా. మీరేమో పూటపూటా గుడ్లు పెడుతున్నారు, కుట్లు చీము పట్టవూ? వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి వేసి కలిపా. ఎంత ఇష్టంగా తిన్నాడనుకున్నావ్. నొప్పిగా ఉందేమో పాపం, అట్టా చూస్తుంటే మనసొప్పలా. మీ మరిదిగారి మోకాళ్ళ మాత్ర సగం నూరి అందులోనే వేశా."

మా వైపు పురుడైనా ఆపరేషనైనా పథ్యం అంటే ఇదే. గుడ్డు, పప్పు, వంకాయ బంద్. వెల్లుల్లి కారం, నెయ్యి, వేడన్నం. పిన్ని ఇద్దరు బిడ్డల్ని కని ఆ అన్నమే తిని లేచింది. తనకి చేసిన మంచి వాడికి చేసింది. ఫోనులో డాక్టరు మాత్రం పథ్యం అన్న మాట వినగానే, "వెంటనే తీసుకొచ్చెయ్యండి" అన్నాడు. వెల్లుల్లి కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తుందట. పైగా వాడి మాత్రా, మనిషి మాత్రా రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కడుపులో పుండు పడొచ్చు, మూత్రపిండాలు పోవచ్చు అన్నాడు. నేను కారులో వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కంకిపాడు దాటిందాకా పిన్నిని తిడుతూనే ఉన్నాను. పెద్దమ్మ వాడి ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది.

సెలైన్ ఎక్కించారు, రక్తం పరీక్ష చేశారు, కడుపుకి మందిచ్చారు. వాపు మాత్ర ఆపేసి, కడుపుని ఏమీ చెయ్యని వేరే మందు మీద నడపాలన్నారు. అట్లా రెండు మూడు రోజులు వాడు పైకి తేలీ తేలనట్టు ఉన్నాడు. తర్వాత ఒక పొద్దున ప్రార్థన గంటకి తోక నేలకేసి కొట్టాడు.

ఆ తర్వాత పెద్దమ్మ పిన్నిని కూర్చోబెట్టింది. పిన్ని అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉంది. "నేను చంపాలనుకున్నానా అక్కా?"

"చంపాలనుకున్నవాళ్ళు నెయ్యి వెయ్యరమ్మాయ్. కానీ నెయ్యి వేశావని వాడి కడుపుకి తెలీదు." మందుల డబ్బా పిన్ని ముందుకి జరిపి, "రేపట్నుంచి లాంగ్ బెల్ మాత్ర నువ్వు వెయ్యి" అంది.

నాకు నచ్చలేదు. పిన్ని వెళ్ళాక అదే అన్నాను, చంపబోయినావిడకే మందులిస్తావా అని. "తప్పు చేసినవాణ్ణి బయట నిలబెడితే వాడికి గోడ తప్ప ఏం తెలుస్తుందే?" అంది. పిన్ని ఆ మర్నాటి నుంచి లాంగ్ బెల్‌కి ముందే వచ్చి గడప మీద కూర్చునేది. ముందు తిన్నాడా లేదా అడిగేది. తర్వాత మాత్ర. తర్వాత వాడు మింగాడో లేదో నోరు తెరిచి చూసేది.

ఒకరోజు ఆవిడే మమ్మల్ని కేకేసింది. బాగా పడుకున్నవాడల్లా ఉలిక్కిపడి కుయ్యిమని, లేని కాలు వైపు తిరిగి వెతుక్కుంటున్నాడు. "దిష్టి అక్కా. నిమ్మకాయ తిప్పుతా."

"తిప్పుకో, దాన్ని వాడికి పెట్టకుండా ఉంటే చాలు. అది దిష్టి కాదు. టీసీ తీసుకుని వెళ్ళిపోయిన పిల్లాడి పేరు హాజరుపట్టీలో ఇంకా ఉంది. మెదడు రోజూ పిలుస్తోంది. పలికేవాడు లేడు. నరాల మాత్ర దానికే" అంది పెద్దమ్మ. డాక్టరుకి ఫోన్ చేసి ఆ మాత్ర సంగతి మళ్ళీ కనుక్కుంది. కాలు లేని చోట నొప్పి ఉంటుందని పిన్ని ఆ రోజు నమ్మింది. బాబాయి నమ్మలేదు. "లేని కాలికి నొప్పేంటి, మనం నేర్పుతున్నాం దానికి" అన్నాడు.

కుట్లు విప్పారు. గరాటు తీశారు. గోనెసంచులు మాత్రం పెద్దమ్మ తియ్యనివ్వలేదు. లీడర్ మూడు కాళ్ళతో పరుగెత్తడం మొదలుపెట్టాక, వీధిలో వాళ్ళ చాడీలన్నీ బకాయితో సహా చెప్పాడు. ఉన్న ఒక్క వెనక కాలి మీదే బరువంతా పడి కీలు అరుగుతుంది, ఒళ్ళు పెరగనివ్వొద్దని డాక్టరు చెప్తే, వాడి అన్నంతో పాటు పెద్దమ్మ తన అన్నమూ తగ్గించింది. చలికాలం కీలుకి మాత్ర పడుతూనే ఉంది, లాంగ్ బెల్‌కి, పిన్ని చేతి మీదుగా. నేను విజయవాడలో ఉద్యోగంలో చేరాను. ఇంతవరకూ ఇది మంచి కథ.

తర్వాత పెద్దమ్మకి కాన్సర్. తెలిసేసరికే వెన్నులోకి దిగింది.

ఆస్పత్రి పెద్ద డాక్టరు ఇంక చెయ్యడానికి లేదని, నొప్పి మాత్రం ఉండనివ్వక్కర్లేదని, మార్ఫిన్ మాత్రలు రాశాడు. "నొప్పి వచ్చిందాకా ఆగొద్దు. టైముకి వేసెయ్యండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. కుక్కల డాక్టరు అన్న మాటే, అక్షరం పొల్లుపోలేదు. పెద్దమ్మ నా వైపు చూసి కళ్ళతో నవ్వింది.

ఇంటికి వచ్చాక ఆ మాత్రలు బాబాయి బీరువాలోకి వెళ్ళాయి. మార్ఫిన్ అంటే మత్తుమందట. అలవాటు పడిపోతుందట. ఎన్నాళ్ళుంటుందో తెలియని మనిషికి అలవాటు పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. తోడుండటానికి వచ్చిన మా అమ్మ బాధ ఇంకొకటి. "మగతగా పడుంటే ఎట్లాగే? పలకరించడానికి ఎంతెంత దూరం నుంచో వస్తున్నారు. గుర్తుపట్టి మాట్లాడొద్దూ?" అడిగినప్పుడు ఇద్దాంలే అనుకున్నారు అందరూ కలిసి. దాన్ని ప్రేమే అనుకున్నారు. నెయ్యి వేసినట్టే.

ఆవిడ అడగలేదు. ఎందుకడగవని నేను గొడవపడితే, "ఇవ్వడం వాళ్ళకి ఇష్టం లేదని తెలిశాక ఎట్లా అడగనే?" అంది.

శని, ఆదివారాలు నేను వెళ్ళేదాన్ని. చూసేదాన్ని, నేర్పించినట్టే. ఊపిరి పైపైన తీస్తోంది. దుప్పటి కింద కాలివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. మంచం పట్టె పట్టుకున్న చెయ్యి వదలడం లేదు. సగం ఇడ్లీ కూడా తినలేదు. ఎవరొచ్చినా, "బాగున్నానండీ, మీ అబ్బాయికి సీటొచ్చిందా?" అని అడుగుతోంది. మరీ బుద్ధిగా ఉంది. వచ్చినవాళ్ళు బయటికెళ్ళి, "ఎంత ఓర్పండీ ఆవిడకి" అనుకుంటున్నారు. ఆ మాట వసారాలోంచి లోపలికి వినిపిస్తోంది. విన్న ప్రతిసారీ ఆ చెయ్యి పట్టెని ఇంకాస్త గట్టిగా పట్టుకోవడం నేను చూశాను.

ఒక శనివారం మధ్యాహ్నం నేను బీరువా తాళం అడిగాను.

"నీకేం తెలుసని? కుక్కకి చేసిన వైద్యం మనిషికి చేస్తానంటావా?" అన్నాడు బాబాయి.

"కుక్కకి చేసినంతైనా చెయ్యమంటున్నా."

"ఏమే, పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా అది?" అంది అమ్మ. "అక్క నోరు తెరిచి నొప్పి అందా నీతో? మేము కనిపెట్టుకుని లేమా?"

"లీడర్ కూడా అనలేదమ్మా."

అప్పుడు లాంగ్ బెల్ మోగింది. పెద్దమ్మ మంచం కింద పడుకున్న లీడర్ లేచి, గోనెసంచి బాట మీద మూడు కాళ్ళతో వసారాలోకి వచ్చి, పిన్ని ఎదురుగా కూర్చున్నాడు. పిన్ని వాడి వైపు చూసింది. వాడి తలమీదుగా గదిలోకి చూసింది. గుడ్డు ముక్క వాడి నోట్లో పెట్టి, చెయ్యి పమిటకి తుడుచుకుని, బాబాయి ముందు చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి."

"నువ్వు కూడానా?"

"తాళం ఇవ్వండి. టైమైంది."

ఆయన ఇచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా ఆయన మాటకి ఎదురుచెప్పని మనిషి బీరువా తీసి, డాక్టరు రాసిన చీటీ ఒకటికి రెండుసార్లు చదివి, ఒక మాత్ర తీసుకెళ్ళింది. "అక్కా, ముందు రెండు ముద్దలు తిను" అంది. తినిపించింది. మాత్ర వేసింది. అలవాటుకొద్దీ, "నోరు తెరువు, మింగావో లేదో చూస్తా" అంది. పెద్దమ్మ నోరు తెరిచి చూపించింది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు వసారాలో ఉన్న మేమందరం విన్నాం.

ఆ రోజు నుంచి పిన్ని తప్పలేదు. వాళ్ళు భయపడ్డ మగత ఒకటి రెండు రోజులు ఉంది. మలబద్ధకం ఉంటుందని డాక్టరు ముందే చెప్పి మందిచ్చాడు. ఆ తర్వాత ఆవిడ ముఖం మీద ఎన్నాళ్ళుగానో బిగిసి ఉన్నదేదో వదులైంది. పట్టె మీద చెయ్యి ఒళ్ళోకి వచ్చింది. కాఫీ అడిగింది. ఎవరో పెళ్ళిపిలుపుకొస్తే శుభలేఖ చదివి, ఎర్ర పెన్ను తెమ్మంది. గుర్తుపట్టి మాట్లాడింది, మా అమ్మ కోరుకున్నట్టే. మాత్ర వెయ్యడం మొదలెట్టాకే మాట్లాడింది. ఆ ముందు గడిచిన వారాలు మాత్రం ఎవరూ తిరిగివ్వలేరు. బీరువాలో మందు ఉండగా గడిచిన వారాలవి. అదే నా కోపం. పెదకర్మ వడ్డనతో అయిపోయే కోపం కాదది.

పోయిన రోజు నేను పామర్రు చేరేసరికి ఇంటినిండా జనం. లీడర్ లేడు. రైసుమిల్లు షెడ్డులో, సిమెంటు నేల మీద, పొట్టి గొలుసుతో కట్టేసి ఉన్నాడు. పడుకుంటే మెడ లాగుతోంది. నిలబడితే కాలు జారుతోంది. అరవడం లేదు. పెద్దమ్మ చెప్పిందంతా చెప్పినట్టే జరిగింది. విప్పి పెరటివైపు నుంచి తీసుకొస్తుంటే, "శవం ఉన్న ఇంట్లోకి కుక్కేంటమ్మా?" అని ఒకాయన అడ్డం నిలబడ్డాడు. తలదగ్గర కూర్చున్న పిన్ని లేవకుండానే, "వాణ్ణి రానివ్వండి అన్నయ్యగారూ, ఇది వాడిల్లే" అంది. వాడు వెళ్ళి మామూలుగా మంచం ఉండే చోట పడుకున్నాడు. మంచం తీసేశారు. గోనెసంచి ఉంది.

నేను వాణ్ణి విజయవాడ తీసుకెళ్తానన్నాను. "అక్కడ వాడికి గంట ఎవరు కొడతారు?" అంది పిన్ని. వాణ్ణి అక్కడే వదిలేసి వచ్చాను. పోయినవారం వెళ్తే చూశాను. లాంగ్ బెల్ మోగగానే లీడర్ లేచి, ముందు పెద్దమ్మ గది గుమ్మం దాకా వెళ్ళి లోపలికి చూస్తాడు. కాసేపు నిలబడతాడు. లేని కాలు వైపు ఒరిగి, సర్దుకుని, అప్పుడు పిన్ని దగ్గరికి వస్తాడు. పిన్ని తొందరపెట్టదు. గుడ్డు ముక్క పట్టుకుని గడప మీద కూర్చునే ఉంటుంది.

ఆ రోజే బాబాయి నన్ను పిలిచి చెప్పాడు. ఆవిడ పనిచేసిన స్కూల్లో పెద్ద ఫోటో పెట్టిస్తున్నారట. చుట్టాలందరూ కలిసి కింద ఏం రాయాలో అనుకున్నారట. "ఓర్పుకు మారుపేరు. ఆ ముక్క మధ్యలో పెట్టి, ముందూ వెనకా నువ్వు అందంగా రాసివ్వమ్మా. నీకు భాష బాగా వచ్చుగా" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి నిజం నీళ్ళే.

చివరి రోజుల్లో ఆవిడ మూలగలేదు, నిజమే. అది ఓర్పు కాదు, మందు. అంతకుముందు కూడా మూలగలేదు. అదీ ఓర్పు కాదు, మర్యాద. బతికినన్నాళ్ళూ చెయ్యెత్తనివాడి దగ్గరికి వెళ్ళి నిలబడిన మనిషిని, చెయ్యెత్తకుండా పడుకున్నందుకు గొప్పదని గోడకి తగిలిస్తే, ఆ గోడ కింద కూర్చునే పిల్లలు ఏం నేర్చుకోవాలి?

ఫోటో కింద ఆవిడ పేరు, బయాలజీ టీచరు అని మాత్రం రాసిచ్చాను. ఓర్పు అన్న మాట నేను రాయను. ఇంకెవరిచేతనైనా రాయించి తగిలిస్తే, వెళ్ళి ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను.